మా ఇంటి ఎనిమిదో కిటికీ

పోయిన వేసవిలో దాదాపు నెల రోజులపాటు, కాగితాల ప్రకారం మా ఇంటికి ఏడే కిటికీలు. నేను ఎనిమిదో కిటికీ పక్కన కూర్చుని పని చేసుకునేదాన్ని.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో ఒక లోపలి గల్లీలో ఉంది. కింద నాన్న, అమ్మ, నేను. పైవాటాలో గ్రూప్స్‌కు చదువుకునే ముగ్గురమ్మాయిలు కిరాయికి ఉంటారు. పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు నేను ప్రూఫులు దిద్దుతాను. ఇంట్లో కూర్చుని చేసే పని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అందుకే ఒప్పుకున్నాను. ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తే ఏం మాట్లాడాలో ముందు డైరీ వెనక పేజీలో రాసుకుంటాను. గ్యాస్ సిలిండర్ బుక్ చేయడానికి కూడా ఒకప్పుడు నాలుగు వాక్యాలు రాసుకున్నాను. రెండో వాక్యం దగ్గరే అవతల రికార్డు చేసిన గొంతు అంకె నొక్కమంది.

నా గది పడమటి వైపుది. దాని కిటికీ చెక్కది, వయసులో నాకంటే పెద్దది. వానాకాలంలో ఉబ్బి మూసుకోదు, ఎండాకాలంలో ఒంకర తిరిగి తెరుచుకోదు. ఒక రెక్కకు అద్దం పోయి చాలా ఏళ్ళయింది, అక్కడ అట్టముక్క పెట్టి మేకులు కొట్టాం. అయినా ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండింటికి ఎండ లోపలికి వచ్చేది. ముందు మంచం మీదికి, తర్వాత బల్ల మీదికి, మూడున్నరకు నా ఒళ్ళోకి. ఇనుప బీరువా ముట్టుకుంటే చురుక్కుమనేది. నేను తల మీద తడి తువ్వాలు వేసుకుని, ప్రూఫుల మీద నీళ్ళు కారకుండా మెడ వెనక్కి వంచి, కాగితాలు ముఖం ముందు పైకెత్తి పట్టుకుని చదివేదాన్ని. భారత రాజ్యాంగం మొత్తం ఆ భంగిమలోనే చదివాను.

ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే. నేను తలుపేసుకుని ఉండడం చూసి, "మా పిల్లకు ఒక్కతే ఉండుడు ఇష్టం" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పేది. ఒక్కదాన్నే ఉండడం నాకు ఇష్టమే. ఉడికిపోవడం ఇష్టం లేదు. ఆ రెండింటికీ మధ్య తేడా చెప్పాలంటే తలుపు తీసుకుని హాల్లోకి వెళ్ళి, అందరూ నా వైపు చూస్తుండగా ఒక మాట మొదలుపెట్టాలి. నాకు అదే రాదు.

ఇంతలో ఒకరోజు హాలు కిటికీ రెక్క ఊడి, బయట గల్లీలో పెట్టిన పక్కింటాయన స్కూటర్ సీటు మీద పడింది. ఆయన రెక్కను చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"సార్, ఇయ్యాల సీటు మీద పడ్డది. రేపు నేను కూసున్నంక పడితే ఏంది నా గతి?"

"మీరు స్కూటర్ మా కిటికీ కింద పెట్టుడెందుకు?" అంది అమ్మ లోపల్నుంచి.

"అమ్మా, ఆ నీడ మీ కిటికీదే గదా. గల్లీ మొత్తంల గంతే నీడ ఉన్నది."

ఆయన వెళ్ళాక నాన్న ఆ రెక్కను గోడకు ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత బీరువాలోంచి ఒక కొత్త ఫైలు తీశాడు. అప్పుడే మాకు అర్థమైంది, ఇది ఒక రెక్కతో ఆగదని.

నాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్స్ విభాగంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఉద్యోగ జీవితమంతా కుర్చీలు, ఫ్యాన్లు, గుండుసూదులు కొన్నాడు. ఏది కొన్నా మూడు కొటేషన్లు పిలవాలి, సీల్ చేసిన కవర్లలో తీసుకోవాలి, పోల్చి చూసి పట్టిక రాయాలి, అన్నిటికంటే తక్కువ చెప్పినవాడికి ఇవ్వాలి. రిటైరయ్యాక కూడా ఆయనకు ఇంకో రకంగా కొనడం చేతకాలేదు. అంతకుముందు ఏడాది మిక్సీ కొన్నప్పుడు మూడు దుకాణాల కాగితాలు చేరేసరికి వేసవి అయిపోయింది. అమ్మ ఆ ఏడు మామిడికాయ పచ్చడి కారం రోట్లో దంచింది.

ఫైలు మీద నాన్న గుండ్రటి అక్షరాలతో "కిటికీల మార్పిడి" అని రాశాడు. లోపల మొదటి పేజీలో ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి అరవై వేల రూపాయలు మంజూరు చేసుకున్నాడు. అడిగింది ఆయనే, మంజూరు చేసింది ఆయనే. కింద రెండు సంతకాలు, ఒకటి కొంచెం పెద్దగా.

"అరవై వేలా?" అంది అమ్మ. "సుల్తాన్ బజార్‌ల మందం బట్ట తెచ్చి పరదాలు కుట్టిస్త. ఐదు వేలల్ల అయితది. మిగిలినదాంట్లకెళ్ళి ఎండలు పోయేదాక ఊటీల ఉండి వద్దాం."

"పరదా వేరే పద్దు," అన్నాడు నాన్న.

"ఊటీ ఏ పద్దు?"

నాన్న నిజంగానే ఆలోచించాడు. "దానికి పద్దు లేదు," అని ఫైలు మూశాడు.

మొదట మార్కెట్ సర్వే. అంటే ముగ్గురం కలిసి నారాయణగూడలో ఒక ప్లాస్టిక్ కిటికీల షోరూముకు వెళ్ళడం. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే, అమ్మ అడుగుపెట్టగానే పరదాల సంగతి మరిచిపోయింది. అక్కడ ఒకతను పెట్టెలో పెద్ద బల్బు వెలిగించి, దాని ముందు తమ అద్దం పెట్టి, ఇవతల చెయ్యి పెట్టి చూడమన్నాడు. నాన్న చెయ్యి పెట్టాడు. అమ్మ పెట్టింది. నేను కూడా పెట్టాను. వేడి తగల్లేదు. నా చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"మేడమ్, ఇగ తియ్యుండ్రి, వెనకాల కస్టమర్లున్నరు," అన్నాడతను.

ధర లక్షా ముప్పై వేలన్నాడు. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆలోచించి చెప్తం" అన్నాడు. ఆలోచించడానికి మర్నాడు కూడా అదే షోరూముకు వెళ్ళాం. ఆ మర్నాడు అమ్మ ఒక్కతే, నారాయణగూడలో కూరగాయలు కొనే మిషతో వెళ్ళి, ఆ అద్దం ముందు కుర్చీలో అరగంట కూర్చుని వచ్చింది. నాలుగో రోజు వాళ్ళు కుర్చీ తీసేశారు.

తర్వాత నాన్న ముషీరాబాద్‌లో అల్యూమినియం పని చేసే ఒకాయన్ను పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చెవి మీద పెన్సిలు, నడుముకు టేపు. ఆఫీసులకు పార్టిషన్లు కట్టి కట్టి ఆయనకు నాన్న లాంటివాళ్ళు బాగా అలవాటు.

"రేటు తర్వాత మాట్లాడుదాం," అన్నాడు నాన్న. "నాకైతే మూడు కొటేషన్లు కావాలె."

"ఎందుకు పరేషాన్ సార్, మూడూ నేనే తెస్త."

"సీల్డ్ కవర్లల్ల."

"గట్లనే సార్. లక్క కూడ పెట్టాల్నా?"

"గమ్ సాలు," అన్నాడు నాన్న గంభీరంగా.

ఈ సంభాషణ నేను నా గది తలుపు వెనక నుంచి విన్నాను. అది విని నవ్వుకుంటుండగానే నా పాలిట గండం మొదలైంది. ఆయన కొలతలు మొదలుపెట్టాడు. హాలు, వంటగది, అమ్మావాళ్ళ గది నాన్న దగ్గరుండి చూపించాడు. అప్పుడే నాన్నకు తోటి పెన్షనరు ఒకాయన ఫోన్ చేశాడు. డీఏ బకాయిల గురించి మాట్లాడుతూ నాన్న గేటు దాకా నడుచుకుంటూ పోయాడు. "మిగిలినయి నువ్వే చూస్కో" అని సైగ చేశాడని తర్వాత తెలిసింది.

సమయం మూడున్నర. ఎండ నా ఒళ్ళో ఉంది. నా తల మీద తువ్వాలు, ఒంటి మీద మోచేతుల దగ్గర చిరిగిన నైటీ, కిటికీకి సగం దాకానే వచ్చే తడి దుప్పటి. తలుపు మీద టకటకమని చప్పుడైంది.

"ఎవరన్న ఉన్నరా లోపల?"

ఉన్నాను. ఉన్నానని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట తర్వాత తలుపు తీయాలి, తువ్వాలు తీయాలి, దుప్పటి ఎందుకు వేలాడుతోందో చెప్పాలి. ఆ దుప్పటి గురించి నేనేమీ రాసుకోలేదు. ఊపిరి బిగబట్టాను. ఆయన మళ్ళీ తట్టాడు. తువ్వాల్లోంచి ఒక బొట్టు జారి, ప్రూఫు మీద ప్రాథమిక హక్కుల పేజీలో పడింది. నేను కదల్లేదు.

"ఓ, స్టోర్ రూమా," అని ఆయన తనలో తాను అనుకోవడం, పెన్సిలు కాగితం మీద గీకడం వినిపించాయి. అడుగుల చప్పుడు దూరమైంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

వారం తర్వాత ఆదివారం పొద్దున పదకొండింటికి కవర్లు తెరిచే కార్యక్రమం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బయటి సాక్షి ఒకరుండాలని పైవాటా అమ్మాయిల్లో ఒకామెను పిలిచాడు. ఆమెది కరీంనగర్ దగ్గర ఊరు, మూడేళ్ళుగా గ్రూప్స్‌కు చదువుతోంది, దేన్నయినా పరీక్షలో వస్తుందేమో అన్నట్టే చూస్తుంది. నోట్‌బుక్ కూడా తెచ్చుకుంది.

"అంకుల్, దీన్ని ఏమంటరు? టెండర్ కమిటీయా, కొనుగోలు కమిటీయా?"

"కొనుగోలు కమిటీ," అన్నాడు నాన్న, ఎన్నాళ్ళకో ఒక మంచి ప్రశ్న విన్నట్టు.

"మరి నేనెవరు?" అంది అమ్మ.

"నువ్వు వినియోగదారుల ప్రతినిధివి."

"అట్లయితే చాయ్ ఎవరు పెడతరు?"

వినియోగదారుల ప్రతినిధే వెళ్ళి పెట్టింది. నాన్న ఒక్కో కవరు తెరిచి పైకి చదివాడు. మొదటిది యాభై తొమ్మిది వేల ఐదొందలు. రెండోది అరవై మూడు వేలు. మూడోది, ముషీరాబాద్ ఆయనది, యాభై ఆరు వేలు. అమ్మ చప్పట్లు కొట్టింది. నాన్న కాగితాలు అందరికీ చూపించాడు. మూడు రకాల లెటర్‌హెడ్లు, మూడు రకాల పేర్లు, మూడింటి మీదా ఒకే చేతిరాత. ఒకే నీలం పెన్ను. సున్నాలన్నీ ఒకేలా ఎడమవైపు వాలిపోయి ఉన్నాయి. నేను రోజంతా కాగితాలు చూసి బతికేదాన్ని, కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది. నాన్న మాత్రం మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా స్కేలుతో గీతలు గీసి పట్టిక తయారుచేస్తున్నాడు. 'నేనే తెస్త' అంటే ముగ్గురి దగ్గరికీ తిరిగి తెస్తాడనే ఆయన నమ్మాడనుకున్నాను. జాలేసింది.

అప్పుడే మూడు కాగితాల అడుగునా ఒకే వాక్యం చూశాను. "మొత్తం కిటికీలు 7. స్టోర్ రూములో కిటికీ లేదు."

నా అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆ వేసవిలో ఒంట్లో ఏదైనా చల్లబడడం అదే మొదటిసారి.

"ఏడేంది?" అంది అమ్మ చాయ్ తెస్తూ. "ఎనిమిది గదా. పిల్ల గదిల ఉన్నదేంది మరి?"

నాన్న పట్టిక మీదనుంచి తలెత్తలేదు. "మూడు పార్టీలు ఏడే అన్నయి."

"మూడు పార్టీలు అంటే గోడకున్న కిటికీ ఎగిరిపోతదా?"

"కవర్లు తెరిచినంక మార్చరాదు. ఒకళ్ళు ఏడు, ఒకళ్ళు ఎనిమిది అంటే మళ్ళ పిలవచ్చు. ముగ్గురు ఒక్క తీర్గ అన్నరు. దాని మీద నోట్ ఎట్ల రాయాలె?"

"అంకుల్ చెప్పేది కరెక్టే ఆంటీ, రూల్ ప్రకారం," అంది పైవాటా అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంటూ.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నీ గదిల కిటికీ ఉన్నదా లేదా?"

ముగ్గురూ నన్ను చూశారు. ఆ క్షణంలో నేను చెప్పాల్సింది చాలా ఉంది. ఆయన తట్టాడని, నేను పలకలేదని. మధ్యాహ్నాలు ఆ గదిలో మనిషి కూర్చోలేడని. ఆ మూడు కాగితాలూ ఒక్కడివేనని. అది చెబితే ఇస్త్రీ చొక్కా వేసుకుని గీతలు గీస్తున్న నాన్న ముఖం ఏమవుతుందోనని భయమేసింది. 

"ఉన్నదిగానీ... పర్వాలే," అన్నాను.

"పర్వాలేదట," అని నాన్న సంతకం పెట్టాడు. సాక్షి సంతకం పెట్టింది. మా ఇంటి కిటికీలు ఏడయ్యాయి.

మే వచ్చింది. పనివాళ్ళు వచ్చి ఒక్కో కిటికీ మార్చడం మొదలుపెట్టారు. హాల్లో జారే అద్దాలు వచ్చాయి, నీలంగా, దోమతెరతో. వంటగదిలో వచ్చింది. అమ్మావాళ్ళ గదిలో వచ్చింది. ఇల్లంతా ఒక మాదిరిగా చల్లబడుతుంటే, వేడికి వెళ్ళడానికి ఇంకెక్కడా చోటు లేక మొత్తం నా గదికే వచ్చిందనిపించేది. నేను మధ్యాహ్నాలు చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్ళి చూశాను. అక్కడ ఫ్యాను కింది కుర్చీలన్నీ పొద్దున ఆరింటికే పరీక్షలవాళ్ళు పుస్తకాలు పెట్టి ఆపుకుంటారు. ఒక కుర్చీలో మనిషి బదులు టిఫిన్ డబ్బా కూర్చుని ఉంది. దాన్ని లేవమని అడగలేక తిరిగి వచ్చేశాను.

మెట్ల దగ్గర పైవాటా అమ్మాయి ఆపింది.

"అక్కా, ముఖమేంది గట్ల ఎర్రగున్నది? జ్వరమా?"

"కాదు. నా గది."

"అంకుల్‌కు చెప్పరాదు?"

"నోటితో రాదు నాకు."

ఆమె చేతిలోని పుస్తకం మూసింది. "నోటితోని ఎవరు చెప్పమన్నరు? అంకుల్ అంత ఫైలు మనిషి. దరఖాస్తు పెట్టు. ముప్పై రోజుల్ల జవాబియ్యాలె, లేకుంటే అప్పీలుకు పోవచ్చు."

ఆమె నవ్వులాటకు అనలేదు. అంతకుముందు రోజే సమాచార హక్కు చట్టం అధ్యాయం చదివిందట.

ఆ సాయంత్రం తెల్ల కాగితం తీసుకుని రాశాను. "విషయం: ఎనిమిదవ కిటికీని అంచనాలో చేర్చుట గురించి." కింద గది ఏ దిక్కున ఉంది, ఎండ ఏ వేళ ఎక్కడ పడుతుంది, అన్నీ రాశాను. మాట్లాడేటప్పుడు ఒక్క వాక్యం రాని నాకు పేజీన్నర వచ్చింది. ఫైలులో పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఆ కాగితం నా తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. పక్కన ఖాళీలో ఆకుపచ్చ సిరాతో నాన్న చేతిరాత. "కొలతలు తీయు సమయమున దరఖాస్తుదారు ఎక్కడ ఉన్నారు? వివరణ కోరడమైనది."

ఆకుపచ్చ సిరా పై అధికారులది. నాన్న తనకు తాను ప్రమోషన్ ఇచ్చుకున్నాడని అర్థమైంది. కింద ఒకే మాట రాశాను, "గదిలోనే." కాగితాన్ని తిరిగి తలుపు కిందనుంచి తోశాను. మధ్యాహ్నం దాకా జవాబు లేదు. భోజనంలో నాన్న నా వైపు చూడకుండా పెరుగు కలుపుకున్నాడు. అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏంది, ఫైలు పై ఆఫీసుకు పోయిందా?" అంది. 

మూడున్నరకు తలుపు చప్పుడైంది. ఆ వేళకు నాన్న మామూలుగా నిద్రలో ఉంటాడు. ఈసారి తలుపు తీశాను. తువ్వాలు తీయడం మరిచిపోయాను.

నాన్న నన్ను చూశాడు. వేలాడుతున్న దుప్పటిని చూశాడు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చోబోయి, చటాక్కున లేచాడు. పరుపు ఎండకు కాలి ఉంది.

"ఆయన తలుపు తట్టిండా?" అన్నాడు.

"తట్టిండు."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మరెందుకు పలకలే బిడ్డా?"

"నైటీల ఉన్న నాన్నా. నెత్తి మీద తువ్వాలు. ఏం చెప్పాలెనో తెల్వలే."

"ఏం చెప్పేదున్నది? కిటికీ ఇగో అని చూపిస్తే అయిపోయె."

"గదే రాలే."

నాన్న దుప్పటి అంచు ఎత్తి కిటికీని చూశాడు. నుదుటి మీద చెమట పట్టి కళ్ళద్దాల మీదికి దిగుతోంది. ఇక దాచడం నావల్ల కాక, కళ్ళు మూసుకుని చెప్పేశాను. "నాన్నా, ఆ మూడు కొటేషన్లు ముగ్గురివి కావు. మూడూ ఆయనే రాసిండు. అందుకే మూడిట్ల ఏడే ఉన్నయి."

కళ్ళు తెరిచేసరికి నాన్న నన్నే విడ్డూరంగా చూస్తున్నాడు.

"నాకు తెల్వదనుకున్నవా? నా ముంగటే గద, మూడూ నేనే తెస్త అన్నడు. ముప్పై ఏండ్లు గవే చూసిన. మూడు కాయితాలుండాలె అని రూలున్నది గనీ, ముగ్గురు మనుషులుండాలె అని ఎక్కడ రాసి ఉన్నది?"

"మరి గంత పట్టిక ఎందుకు గీసినవ్?"

"పట్టిక ఉండాలె గదా!"

ఆయనకు అది ఎంత స్పష్టంగా ఉందంటే, నాకే ఏదో అర్థం కాలేదేమోనని అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళు ఆయన మనసు కష్టపడుతుందని ఆ నిజాన్ని కడుపులో మోసినదాన్ని నేను. నాన్న లేచి బీరువా మీద చెయ్యి వేసి, చురుక్కుమని తీసుకున్నాడు. వేళ్ళు ఊదుకుంటూ గదంతా ఒకసారి చూశాడు.

"ఈ ఎండ రోజూ గిట్లనే వస్తదా?"

"రోజూ."

"ఎన్నేండ్ల సంది?"

"నేను ఈ గదిలకు వచ్చినప్పటి సంది."

"నోట్ పెట్టాలె గద అమ్మా," అన్నాడు. ఆ మాట మాత్రం ఆఫీసు గొంతులో రాలేదు. నా తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకుని, అది తన భుజం మీదే వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు మిగిలింది డబ్బు. మంజూరైంది అరవై వేలు, ఖరారైంది యాభై ఆరు. ఎనిమిదో కిటికీకి ఎనిమిది వేలు. నాన్న అరవై దాటనన్నాడు. ముషీరాబాద్ ఆయన్ను పిలిపించి హాల్లో కూర్చోబెట్టాడు.

"నాలుగు వేలల్ల చెయ్యాలె."

"సార్, ముగ్గుర్ల నేనే తక్కువ చెప్పిన. ఇంకెట్ల తగ్గుత?"

"మిగిలిన ఇద్దర్ని కూడ అడిగి చూడు."

ఆయన ఒక్క క్షణం నాన్నను చూశాడు, తర్వాత పడీపడీ నవ్వాడు. "వాళ్ళు ఒప్పుకోరు సార్, మస్తు మొండోళ్ళు." చివరికి ఎట్లాగో నాలుగు వేలకు దిగాడు. అమ్మ పెట్టిన చాయ్ రెండోసారి అడిగి తాగాడు. "కొలతలు తీస్కోనియ్యుండ్రి" అని లేచి నా గది వైపు వచ్చాడు. నేను ముందే తలుపు తీసి, బయట నిలబడి ఉన్నాను.

"మీరున్నరా లోపల ఆ దినం?" అన్నాడు. నేను తలూపాను. "నేను స్టోర్ రూమనుకున్న అక్కా, మాఫ్ చెయ్యి. జర టేపు పట్టుకో."

టేపు చివర పట్టుకున్నాను. నాన్న గుమ్మంలో ఫైలుతో, అమ్మ ఆయన వెనక గ్లాసులతో. ముషీరాబాద్ ఆయన నిలువు కొలిచాడు, అడ్డం కొలిచాడు.

"అన్నిటి లెక్కనే జారేదే గదా సార్?"

"ఆ, అన్నిటి లెక్కనే," అన్నాడు నాన్న రాస్తూ.

జారే కిటికీలో ఎప్పుడూ ఒక సగం మూసే ఉంటుంది. హాల్లో చూశాను కదా, ఒకవైపు గాలి వస్తే ఒకవైపు అద్దం. సాయంత్రం ఎండ దిగాక ఆ గదికి గాలి కావాలి, సగం కాదు.

"జారేది వద్దు," అన్నాను.

అప్పుడే పక్క స్థలంలో కట్టే హాస్టల్లో కోత మిషను మొదలైంది. "ఏందక్కా?" అన్నాడాయన.

"రెండు రెక్కలూ తెరుచుకునేది," అన్నాను ఇంకొంచెం గట్టిగా. నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అమ్మ గ్లాసులు కింద పెట్టి ముందుకు వచ్చింది. ఈసారి ఊపిరి పీల్చుకుని, ఉన్న బలమంతా పెట్టాను. నేను నోరు తెరిచిన క్షణానే మిషను ఆగింది.

"రెండు రెక్కలూ బయటికి తెరుచుకోవాలె!"

గల్లీ మొత్తం విన్నది. బయట పక్కింటాయన స్కూటర్ తుడవడం ఆపి తలెత్తాడు. పైవాటా నుంచి, "అవునక్కా, గట్టిగ చెప్పు!" అని వినిపించింది. నా చెవులు కాలిపోతున్నాయి.

"దానికి పదిహేనొందలు ఎక్కువైతది సార్," అన్నాడు ముషీరాబాద్ ఆయన నాన్నతో.

"మంజూరు అయిపోయింది," అని నాన్న ఫైలు వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ ఫైలు వైపు చూశాడు. "బాత్రూమ్ వెంటిలేటర్ అద్దం ఆపేద్దాం ఈసారికి."

"బాత్రూమ్‌ల అద్దం లేకుంటే ఎట్ల?" అంది అమ్మ. "పక్కింటాయన డాబా ఎక్కుతడు."

"అట్ట పెట్టుకుందాం."

"అట్ట మీరు పెట్టుకోండి మీ ఆఫీసుల."

వాళ్ళు వాదించుకుంటూ హాల్లోకి వెళ్ళారు. ముషీరాబాద్ ఆయన చెవి మీద పెన్సిలు తీసి, నాన్న ఏమంటాడో వినకుండానే, "రెండు రెక్కలు, బయటికి" అని రాసుకున్నాడు. రాసి టేపు చుట్టబోతే అది రాలేదు.

"ఇగ ఇడువక్కా," అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. టేపు చివర ఇంకా నా పిడికిట్లోనే ఉంది.